కాయకున్న కొలత

ఎగుమతికి వెళ్లే మిర్చి సరుకుతో పాటు ఒక ల్యాబ్ రిపోర్టు వెళుతుంది. మా బాబాయికి గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారం. ఈమధ్య ఎగుమతిదారులకూ సరుకు చూపిస్తున్నాడు. ఎండాకాలం నేను ఇంటికి వెళ్లినప్పుడు యడ్లపాడు పక్కన కళ్లంలో కూర్చుని ఉంటే ఆ రిపోర్టు నా చేతిలో పెట్టి, "నువ్వు చదివేది ఇలాంటివేగా అమ్మాయ్, ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పు" అన్నాడు. ఎడమ వరసలో పురుగుమందుల పేర్లు, కుడి వరసలో కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు. పేజీ తిప్పితే మళ్లీ పేర్లు. చాలావాటికి ఎదురుగా కనబడలేదని ఉంది, కొన్నింటికి మాత్రం దశాంశ బిందువు తర్వాత రెండు మూడు అంకెలున్నాయి. ఐరోపా సమాఖ్య తాను ప్రత్యేకంగా హద్దు నిర్ణయించని మందుకు మామూలుగా వర్తింపజేసే హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే పది కోట్ల వంతుల్లో ఒక వంతు. అంత సన్నటి జాడను పట్టుకునే యంత్రాలను, ఆ జాడ దొరికితే కంటైనరును రేవులోనే నిలిపేసే చట్టాలను మనుషులు తయారు చేసుకున్నారు. చట్టం చదువుకుంటున్నదాన్ని కదా, నాకు గర్వంగానే అనిపించింది.

ఎదురుగా పట్టాల మీద కాయ ఆరబోసి ఉంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. ఆదోని వైపు నుంచి సుగ్గికి వచ్చినవాళ్లు. సంక్రాంతి దాటాక పిల్లాజెల్లాతో దిగి, కోతలు, ఏరుడు అయ్యేదాకా చేల పక్కనే గుడిసెలు వేసుకుని ఉంటారు. నాకు దగ్గరగా కూర్చున్నామె చేతులు చూశాను. వేళ్ల చివర్లు ఎర్రబారి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయి, చూపుడు వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. ముక్కుకు చీర చెంగే అడ్డం. దాహం వేసి ఆమె అందుకున్నది ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. దాని మీది కంపెనీ కాగితం చాలావరకు ఊడిపోయింది. ఒక మూల మాత్రం చతురస్రం ఏటవాలుగా నిలబెట్టినట్టుండే గుర్తులో కింది సగం, ఎర్రటి త్రికోణం, అంటుకుని మిగిలింది. నా చూపు ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. "సబ్బు పెట్టి బాగా కడిగినాంలేమ్మా" అని గడగడా తాగింది.

అప్పటినుంచి ఒకటే ప్రశ్న వెంటాడుతోంది. ఈ కాయ మీద మందుకు పేజీల కొద్దీ లెక్క ఉంది. దాన్ని కోసిన చేతి మీది మందుకు లెక్క ఎవరి దగ్గరుంది? కాయకున్న కొలత చేతికి ఎందుకు లేదు?

నేను లండన్‌లో పీజీ చేస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య చట్టం, విధానం అంటే మా ఊళ్లో ఎవరికీ అందదు. డాక్టరు చదువా, ప్లీడరు చదువా అని మా అమ్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది. రెండూ కాదని చెబితే ఆమె ముఖంలో కనిపించే దిగులు నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మొదటి నెలల్లో నాకూ అదే దిగులు. మా క్లాసుల్లో 1946లో రాసుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, కోవిడ్ తర్వాత ఏళ్ల తరబడి చర్చించి 2025 మే నెలలో ఒప్పుకున్న మహమ్మారి ఒప్పందం, ఇవన్నీ వస్తాయి. లారెన్స్ గోస్టిన్ 2014లో ప్రచురించిన 'గ్లోబల్ హెల్త్ లా' పుస్తకం అందరి బల్లల మీదా ఉంటుంది. వైరస్ సరిహద్దు దాటితే ఏ దేశం ఎవరికి ఎప్పుడు చెప్పాలన్న దాని మీద గంటల తరబడి వాదించుకుంటాం. అవసరమైన వాదనలే. కానీ మా వైపు మనుషులను మంచాన పడేసేది సరిహద్దు దాటి వచ్చిన జబ్బు ఒక్కటే కాదు. దుకాణంలో రసీదుతో కొన్నది, డ్రమ్ములో కలిపింది, వీపుకు కట్టుకున్న పంపులోంచి జల్లింది కూడా పడేస్తుంది. దాని మీద ప్రపంచ చట్టం ఏమంటుందో వెతుక్కుంటూ పోయాను. చాలానే అంది. అయితే ఎవరి తరఫున మాట్లాడిందో చూస్తేనే నాకు గుచ్చుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 1963లో కోడెక్స్ అనే వ్యవస్థను పెట్టాయి. తిండి వస్తువులో ఏ మందు ఎంతవరకు ఉండవచ్చో చెప్పడం దాని పనుల్లో ఒకటి. సుగంధ ద్రవ్యాలకు దానిలో ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది, ఆ కమిటీకి ఆతిథ్యమిచ్చేది మన దేశమే. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక ఆ ప్రమాణాలకు కోరలొచ్చాయి. హద్దు మీరిన సరుకు వెనక్కి వస్తుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే రంగు దొరికినప్పుడు ఐరోపా అంతా హెచ్చరికలు వెళ్లాయి, ఆ తర్వాత పరీక్ష కాగితం లేకుండా సరుకు కదలలేదు. తినేవాడిని కాపాడటానికి ఇంత చేశారు, చేయాలి కూడా. మరి పండించేవాడికో? 2001లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యం గురించి 184వ నంబరు ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. ఆమోదించని దేశాన్ని రేవులో ఆపేవాళ్లెవరూ లేరు.

ఇది మరీ ఏకపక్షంగా ఆలోచించడమేమో అని నన్ను నేను ఆపి చూసుకున్నాను. తినేవాడి కోసం పెట్టిన హద్దు వల్ల కొట్టేవాడికీ మేలు జరగదా? మందు తక్కువ కొడితేనే కదా కాయలో తక్కువ ఉంటుంది? కొంతవరకు నిజం. ఎగుమతి కోసం ఒప్పందం మీద పండించే చేలల్లో జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, వేపనూనె కనిపిస్తాయి, అక్కడ మందు వాడకం తగ్గుతుంది. కానీ కాయలో అవశేషం తగ్గడానికి ఇంకో తేలిక దారి ఉంది. కోతకు ముందు కొన్నాళ్లు కొట్టడం ఆపితే చాలు, ఎండకీ గాలికీ మందు విరిగిపోయి కాయ పరీక్షలో నెగ్గుతుంది. అంతకుముందు నెలల తరబడి కొట్టినవాడి ఒంట్లోకి పోయింది ఆ పరీక్షలో కనపడదు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఊడ్చేసిన సీజను గుర్తు చేసుకోండి. పూత రాలిపోతుంటే దుకాణంలో ఏది ఇస్తే అది, రెండు మూడు కలిపి, వారం తిరక్కుండానే మళ్లీ కొట్టారు. ఆ ఏడు మన రైతులు, పిచికారీ కూలీలు ఎంత విషం పీల్చారో ఏ రిపోర్టులో వెతకను?

మన సొంత చట్టం పుట్టుక చదివినప్పుడు ఈ ప్రశ్న ఇంకా బరువెక్కింది. 1958లో కేరళలో, మద్రాసు రాష్ట్రంలో పారాథియాన్ అనే మందు సరుకు రవాణాలో గోధుమపిండిలో కలిసి, అది తిన్నవాళ్లు వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ కమిషన్ వేశారు, ఆ దారిలోనే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. అంటే మన చట్టాన్ని కదిలించినవి తిన్నవాళ్ల మరణాలు. చేలో కొట్టినవాళ్ల సంగతి 1971 నాటి నిబంధనల్లో వస్తుంది. వచ్చినమేరకు బాగానే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. రక్షణ దుస్తులు ఉండాలి, ముక్కుకు తొడుగు ఉండాలి. మందుతో పనిచేసేవారికి వైద్య పరీక్షలు జరగాలి, ఆర్గానోఫాస్ఫరస్ మందులైతే రక్తంలో కోలినెస్టరేస్ ఎంతుందో చూడాలి. నరానికీ కండరానికీ మధ్య కబురు పూర్తయ్యాక దాన్ని ఆపే ఎంజైము అది. మందు దాన్ని పనిచేయనివ్వదు. చెమట, చొంగ కారతాయి, కంటిపాప చిన్నబోతుంది, కండరాలు అదురుతాయి. చిన్న రక్తపరీక్షతో తెలిసే సంగతి. కొలవడం చేతకాక కొలవలేదనడానికి వీల్లేదు, ఆ కొలతను మనం అర్ధశతాబ్దం కిందే రూల్సులో రాసుకున్నాం. మా మండలంలో పంపు పట్టినవాళ్లను ఎంతమందిని అడిగినా అలాంటి పరీక్ష చేయించారన్న మనిషి నాకు తగల్లేదు. ఫ్యాక్టరీలో హాజరుపట్టీ ఉంటుంది, యజమాని ఉంటాడు. ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో పంపు పట్టేవాడికి యజమాని ఎవరు? కౌలు రైతు తన చేనుకు తానే కొట్టుకుంటే ఎవరు ఎవరికి పరీక్ష చేయించాలి?

ఆ డబ్బా మీది త్రికోణం కూడా ఆ నిబంధనల నుంచి వచ్చిందే. చీటీ వైశాల్యంలో కనీసం పదహారో వంతు ఆ గుర్తుకు ఇవ్వాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నియమం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కళ్లంలో మిగిలింది ఆ పదహారో వంతులో సగం. ఎర్రరంగుకు అర్థమేమిటో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

మా తాతయ్య ఉన్నప్పుడు 1987–88 పత్తి సంవత్సరం గురించి మాట్లాడేవాడు కాదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆ కథ నాకు నాన్నమ్మ చెప్పింది. అప్పటికి కొన్నేళ్లుగా పత్తి మీద సింథటిక్ పైరిత్రాయిడ్లు విపరీతంగా కొట్టారు. మిత్రపురుగులు పోయాయి, తెల్లదోమ లొంగకుండా పోయింది. ఆకుల అడుగున పిండి చల్లినట్టు దోమ, పైన మసి. ఎన్ని కొట్టినా చావలేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయి వరసగా ప్రాణాలు తీసుకున్నది అప్పుడే. రైతు ఆత్మహత్యల గురించి దేశం మాట్లాడటం మొదలుపెట్టడానికి చాలా ముందు, మన పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల ఇళ్లలో ఆ దుఃఖం దిగబడింది. అప్పు ఇచ్చేదీ, మందు అమ్మేదీ, ఏ మందు కొట్టాలో సలహా చెప్పేదీ ఒకే దుకాణం కావడం అప్పటి సంగతి. ఇప్పటికీ పెద్దగా మారలేదు. దాన్ని వ్యవసాయ సమస్య అన్నారు, అప్పుల సమస్య అన్నారు. రెండూ నిజమే. అది ప్రజారోగ్య చట్టం సమస్య కూడా అని నాకు తెలిసింది లండన్‌లో, శ్రీలంక గురించి చదువుతున్నప్పుడు. ఆ దేశం 1995 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి తరగతిలో చేర్చిన అతి విషపు మందులను ఆపేసింది, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపింది. తర్వాతి పదేళ్లలో అక్కడ ఆత్మహత్య మరణాల రేటు సగానికి పడిపోయింది. పంట దిగుబడులు తగ్గలేదు. కష్టాలు తీరిపోలేదు, అప్పులు మాయం కాలేదు. ప్రాణాంతకమైనది ఇంటి మూల లేకపోవడం వల్ల, నిరాశ కమ్ముకున్న ఆ ఒక్క గంట దాటిపోయి, ఎంతోమంది మనుషులు బతికి బయటపడ్డారు. ఆ రాత్రి లైబ్రరీలో నేను చాలాసేపు లేవలేకపోయాను. ఒక ఉత్తర్వు అంత పని చేయగలదని తెలిసినప్పుడు, ఆ ఉత్తర్వు లేని చోట పోయినవాళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

అదే మొదటి తరగతిలో మోనోక్రోటోఫాస్ ఉంది. మా చిన్నతనంలో ప్రతి చేను గట్టు మీదా దాని సీసాలు పడి ఉండేవి. 2005లో కూరగాయల మీద వాడకూడదన్నారు. మరి మిరప కూరగాయా, దినుసా? పచ్చిగా అమ్మితే కూరల బజారుకు పోతుంది, ఎండితే స్పైసెస్ బోర్డు లెక్కలోకి పోతుంది. చేలో నిలబడి ఈ తేడా ఎవరు చూస్తారు? 2013 జులైలో బీహార్‌లోని గండామన్ అనే ఊళ్లో బడి భోజనంలో ఆ మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. అప్పుడు కూడా పూర్తిగా ఆగలేదు. 36 శాతం ద్రావణంగా మనకు అలవాటైన మోనోక్రోటోఫాస్‌ను దశలవారీగా ఆపేయాలన్న నిర్ణయం 2023లో వచ్చింది. శ్రీలంకకూ మనకూ మధ్య సముద్రం ఎంత ఇరుకో, వాళ్ల 1995కూ మన 2023కూ మధ్య దూరం అంత పెద్దది.

స్టాక్‌హోం ఒప్పందం అనుబంధాలు చదువుతున్నప్పుడు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో కూర్చుని దేశాలన్నీ ఎండోసల్ఫాన్‌ను నిర్మూలించాల్సిన రసాయనాల పట్టికలో చేర్చాయి. మన దేశం ఏళ్ల తరబడి అడ్డుపడి, చివరికి కొన్ని పంటలకు, కొన్ని పురుగులకు మినహాయింపు ఉంటేనే ఒప్పుకుంది. ఆ మినహాయింపుల పట్టికలో మా పొలం ఉంది. పత్తి: పేనుబంక, పచ్చదోమ, తామర పురుగు, తెల్లదోమ, గులాబీరంగు పురుగు. మిర్చి: పేనుబంక, పచ్చదోమ. పొగాకు కూడా ఉంది, ఒంగోలు, కొండపి, టంగుటూరు చేలు గుర్తొచ్చాయి. తాతయ్య పేరెత్తనివ్వని తెల్లదోమ అంతర్జాతీయ ఒప్పందంలో అక్షరాలా నమోదై ఉంది. మన పురుగుల పేర్లు అంత దూరం వెళ్లగలిగాయి. మన కూలీల ఒంటి సంగతి ఎందుకు వెళ్లలేకపోయింది? జెనీవాలో ఆ నిర్ణయం జరిగిన కొద్ది రోజులకే, మే 13న, సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. కాసర్‌గోడ్‌లో జీడితోటల మీద హెలికాప్టర్లతో ఏళ్ల తరబడి చల్లిన మందుకు బలైన పిల్లల ఫోటోలు, అక్కడి డాక్టర్లు, తల్లులు, ఉద్యమకారులు ఓపికగా కూర్చిన లెక్కలు ఆ ఉత్తర్వు వెనుక ఉన్నాయి. కాసర్‌గోడ్ గెలిచింది దాని దగ్గర కాగితం ఉండబట్టి. మన దగ్గర అంతకన్నా తక్కువ విషం పడలేదు. మన దగ్గర లెక్క రాసినవాళ్లు తక్కువ.

ఈ చదువు మొత్తం కుదిస్తే నాకు మిగిలేది ఈ కాగితం ప్రశ్నే. ప్రమాదకర రసాయనాల వ్యాపారం మీద చేసుకున్న రోటర్‌డ్యామ్ ఒప్పందంలో ఆరో అధికరణం ఉంది. ఏదైనా పురుగుమందు తమ దగ్గర వాడే పరిస్థితుల్లో మనుషులకు హాని చేస్తోందని వర్ధమాన దేశం గుర్తిస్తే, ఆ సంఘటనల వివరాలతో ప్రపంచ పట్టికలో చేర్చమని అడగవచ్చు. ధనిక దేశపు ప్రయోగశాల చెప్పాల్సిన పనిలేదు. ఏ మందు, ఎలా కొట్టారు, ఏ తొడుగు వేసుకున్నారు, ఏ లక్షణాలు కనిపించాయి, ఎంతసేపటికి కనిపించాయి అని నింపిన వివరాలు చాలు. ఇంత మంచి తలుపు తెరిచి ఉంది. దాన్ని తట్టాలంటే ఊళ్లో ఎవరో ఒకరు ఆ వివరాలు రాసిపెట్టాలి. మన 1968 చట్టంలోనే 26వ సెక్షన్ ఉంది. పురుగుమందుల వాడకంలో విషం సోకిన ప్రతి సంఘటనా తమ దృష్టికి వస్తే ఫలానా అధికారికి తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం తాను పేర్కొన్నవారిని ఒక నోటిఫికేషన్‌తో ఆదేశించవచ్చు. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యం మన రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణం కింద ప్రాథమిక హక్కని చెప్పింది. తీగలన్నీ ఉన్నాయి. ఊళ్లో ఏం జరుగుతుంది? మధ్యాహ్నం పిచికారీ చేస్తూ ఒకతను కళ్లు తిరిగి గట్టు మీద కూలబడతాడు. మోటారు సైకిలు మీద ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళతారు. ఇంజెక్షన్, సెలైన్. 'ఎండదెబ్బ' అంటారు. మర్నాడు లేచి మళ్లీ పంపు తగిలించుకుంటాడు. ఎక్కడా ఒక్క అక్షరం పడదు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్‌లో పత్తి చేలలో పిచికారీ చేసినవాళ్లు పదుల సంఖ్యలో కాదు, వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఒకే సీజన్లో ప్రభుత్వాసుపత్రికి కట్టకట్టుకుని రావడం వల్లే లోకానికి తెలిసింది. విడివిడిగా, ఊరికొకరుగా పడిపోయేవాళ్లు ఎవరి లెక్కా కారు.

పొగాకు ఒప్పందం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రాజ్యాంగం ఇచ్చిన అధికారంతో చేసిన తొలి ఒప్పందం అది. గుంటూరులోనే పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న మనకు అది పరాయి విషయం కాదు. తాగేవాళ్ల కోసం రాసిన ఆ ఒప్పందంలోనూ పదిహేడో అధికరణం పండించేవాళ్లకు వేరే బతుకుతెరువు చూపాలంటుంది, పద్దెనిమిదోది సాగులో ఉన్నవాళ్ల ఆరోగ్యాన్ని తలుచుకుంటుంది. తలుచుకున్నారు కదా అని సంతోషించాను. సిగరెట్ పెట్టె మీద బొమ్మకు ఎనభై అయిదు శాతం చోటు దొరికింది, ఆకు కోసేవాళ్ల కోసం ఆ రెండు అధికరణాలు మాత్రం కాగితం మీదే ఉన్నాయి.

ఈ చదువు దేనికని అమ్మమ్మ అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. జెనీవాలో ఏం రాశారో మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరు దాకా తీసుకురావడానికి, ఆ రిజిస్టరులో పడ్డదాన్ని జెనీవా దాకా పంపడానికి. మన పిల్లలు ఏటా వేలల్లో పీజీలకు దేశాలు పడుతున్నారు. వాళ్లలో కొందరైనా ఈ చట్టాల వైపు రావాలి. మన చేల గురించి మన కన్నా బాగా రాసేవాళ్లు ఎక్కడినుంచో రారు. రాష్ట్ర ప్రభుత్వం 26వ సెక్షన్‌కు ప్రాణం పోయాలి. పిచికారీలో, కోతలో విషం సోకినవాళ్లకు ప్రభుత్వాసుపత్రిలోనూ, ప్రైవేటు నర్సింగు హోములోనూ వేరే గడి పెట్టి, ప్రతి సీజను చివరా ఆ సంఖ్యలను మండలాల వారీగా ప్రకటించాలి. కొట్టేవాడికి కోలినెస్టరేస్ పరీక్ష ఊళ్లోనే, ఉచితంగా జరగాలి.

అప్పటిదాకా రైతు కుటుంబాలకూ, కూలీ కుటుంబాలకూ ఒక విన్నపం. మందు కొట్టి వచ్చినవాళ్లకు కళ్లు తిరిగినా, వాంతి అయినా, చూపు మసకబారినా ఎండదెబ్బ అని సరిపెట్టుకోకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. డబ్బా మీద పేరు, కొట్టిన తేదీ చీటీలో రాయమని డాక్టరును అడిగి రాయించుకోండి, ఆ చీటీ దాచుకోండి.